కాలు తప్ప అన్నీ

పత్తికొండలో ఇనుప సామాన్ల అంగడి కేశవయ్య తన ఆటలో ఒక్క పాయింటు కూడా ఓడిపోయి ఎరగడు. పాయింట్లే ఆయన్ను వదిలిపెట్టి పోయేవి. పోయిన ప్రతి పాయింటుకూ ఒక కారణం ఉండేది. ఆ కారణం ఎప్పుడూ కేశవయ్య కాదు.

ఆట బాల్ బ్యాడ్మింటన్. ఈపక్క ఐదుగురు, ఆపక్క ఐదుగురు, మధ్యలో వల, పసుపుపచ్చ ఉన్ని బంతి. బంతి నేల తాకిందంటే పాయింటు పోయినట్టే. కేశవయ్య వైపు నేల తాకితే మాత్రం పాయింటుతో పని అయిపోయేది కాదు. అక్కడినుంచే అసలు కార్యక్రమం మొదలయ్యేది.

"ఎండ కండ్లల్లో కొట్టె" అనేవాడు. మరుసటి బంతికి, "ఆదోని బస్సు హారను కొట్టె." ఆ మరుసటి బంతికి, "పొద్దున ఉగ్గానిలోకి బజ్జీలు రెండు ఎక్కువైనాయి." ఒకసారి ఏ కారణమూ తోచక, "సరిగ్గా బ్యాటు ఎత్తేటప్పటికి మా మామ గుర్తుకొచ్చె" అన్నాడు. మామ పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు.

ఇంకోసారి ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. చేతికొచ్చిన బంతిని వదిలేసి ఎండ అన్నాడు. "ఎండ యాడుండాదన్నా?" అని అందరూ ఒక్కసారే అడిగారు.

"అదే కదప్పా నేను చెప్పేది! ఎండకి అలవాటు పడిన కండ్లు. మోడం పడితే ఎట్ల కనపడతాది?"

హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన బొజ్జన్న సారు రోజూ సాయంత్రం ఆటకు అంపైరుగా నిలబడేవాడు. "విజిలు నోట్లో పెట్టుకునేది పాయింటు చెప్పేకి కాదు, నవ్వు బయటికి రాకుండా" అనేవాడు ఆయన. కేశవయ్య భార్య సుందరలక్ష్మి ఇంకో మాట చెప్పేది. "ఈయన పుట్టేకి కూడా పది దినాలు లేటంట. అడిగితే, బయట ఎండ ఎక్కువుండె అంటాడు."

ఓబుళేశుకు ఈ సాకులన్నీ కంఠతా వచ్చు. ఎనిమిదో తరగతిలో కేశవయ్య వెనక బంతులు ఏరుకుంటూ ఆటలోకి వచ్చినవాడు. నాలుగేళ్ళు చిన్న. అన్నా అనే పిలిచేవాడు. పెద్దయ్యాక బోరు మోటార్లకు వైండింగు చేసే అంగడి పెట్టుకున్నాడు. చేతులకు ఎప్పుడూ వార్నీషు వాసన. ఆటలో మాత్రం కేశవయ్య వెనక వరసలో, ఓబుళేశు ముందు వరసలో వల దగ్గర. పాతికేళ్ళుగా అంతే. ఓబుళేశు వదిలేసిన బంతిని వెనకనుంచి కేశవయ్య పరుగెత్తుకొచ్చి తీసేవాడు. తీయలేకపోతే వెనకనుంచి ఒక సాకు వినపడేది. ఏది వినపడినా ఓబుళేశుకు ధైర్యంగానే ఉండేది.

రెండు వేల రెండులో, సెప్టెంబరు నెల ఆదివారం ఒకటి. ఆదోనిలో టోర్నమెంటు, పది గంటలకు మ్యాచ్. తతిమ్మావాళ్ళు బస్సులో ముందే పోయారు. రైతు ఒకాయన పైరు ఎండిపోతోందని కూర్చుంటే, ఆయన మోటారు ముగించి ఓబుళేశు అంగడి మూసేసరికి తొమ్మిదిన్నర. కేశవయ్య బ్యాట్లు రెండూ ఒళ్ళో పెట్టుకుని మోటారు సైకిలు వెనక ఎక్కాడు.

"నిదానంగా పోప్పా. మనం ల్యాకుండా మొదలుపెట్టరులే."

"గట్టిగా పట్టుకో అన్నా" అని ఓబుళేశు ఇంకాస్త వేగం పెంచాడు.

ఆ వారం టమాట ధర పడిపోయింది. గంపల బాడుగ కూడా రాదని రైతులు మార్కెట్టు ముందరే రోడ్డు మీద కుమ్మరించి పోయారు. బండ్లు తొక్కి తొక్కి రోడ్డంతా ఎర్రటి బురద. మోటారు సైకిలు ఆ బురదలో జారింది. ఓబుళేశు రోడ్డు వారకు పడ్డాడు. మోచేయి గీరుకుపోయింది. కేశవయ్య రోడ్డు నడిమధ్యకు పడ్డాడు. ఎదురుగా వస్తున్న లారీ బ్రేకు వేసింది. అదీ జారింది. ఎడమ కాలు మీదికి ఎక్కి ఆగింది.

ఓబుళేశు లేచి చూసినప్పుడు అంతా ఎరుపే. ఏది టమాటో, ఏది నెత్తురో తెలియలేదు.

కర్నూలు ఆస్పత్రిలో ఐదో రోజున మోకాలి కింద తీసేశారు. ఓబుళేశు తొమ్మిది రోజులు వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపలికి పోలేదు. పదో రోజు సుందరలక్ష్మే వచ్చి, "నిన్ను రమ్మంటాండాడప్పా" అని చేయి పట్టుకుని తీసుకుపోయింది.

కేశవయ్య దిండుకు ఆనుకుని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. దుప్పటి కుడివైపు పాదం దాకా ఎత్తుగా ఉంది. ఎడమవైపు మోకాలి దగ్గరే అణిగిపోయింది.

"ఆదోనిలో ఏమాయె?"

"మనోళ్ళు... మొదటి మ్యాచిలోనే పోయిరంట అన్నా."

"పడమటి గాలి ఉండింటాది. ఆ గ్రౌండు ఎప్పుడూ అంతే."

"అన్నా, నువ్వు నిదానంగా పో అంటివి, నేను..."

"గాలే" అన్నాడు కేశవయ్య, కళ్ళు మూసుకుంటూ. "గాలికి ఏం చేస్తాంలే."

ఓబుళేశు బయటికొచ్చి, వరండా చివర కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాడు.

ఆ తర్వాత అతను ఆట మానేశాడు. బ్యాటు అటక మీదికి పోయింది. ఇనుప అంగడి ఉన్న వీధిలోకి కూడా పోవడం మానేశాడు. రెండంగుళాల మేకు కావాలన్నా గుత్తికి పోయి తెచ్చుకునేవాడు. "మేకు కోసం ఇరవై మైళ్ళు పోయేటోణ్ని నిన్నే చూస్తాండా" అనేది అతని భార్య ఉరుకుందమ్మ. మోటారు సైకిలు వెనక మనిషిని ఎక్కించుకోవడం మానేశాడు. ఉరుకుందమ్మకు జ్వరం వస్తే ఆమె ఆటోలో ఆస్పత్రికి పోయింది. ఆ ఆటో వెనకే, ఖాళీ మోటారు సైకిలు మీద, మొగుడు. చూసినవాళ్ళు నవ్వారు. ఉరుకుందమ్మకు నవ్వు రాలేదు.

ఏడు నెలలకు కర్నూల్లో ఉచిత శిబిరం పెడితే కేశవయ్య జైపూరు కాలు వేయించుకొచ్చాడు. వచ్చిన వారానికే ఒక పొద్దున ఓబుళేశు అంగడి మెట్ల మీద కొత్త చప్పుడు. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు టక్కుమని. ఓబుళేశు తల ఎత్తలేదు.

"మిక్సీ తిరగడంల్యాప్పా" అని కేశవయ్య దాన్ని బల్ల మీద పెట్టాడు.

ఓబుళేశు ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. గుయ్యిమని తిరిగింది.

"ఇంట్లో తిరగడంల్యా. మా వీధికి కరెంటు సన్నగా వస్తాందేమో" అని స్టూలు లాక్కుని గంటసేపు కూర్చున్నాడు. ఎవరు ఆడుతున్నారు, ఎవరు మానేశారు, కొత్త బంతుల్లో ఉన్ని ఎంత నాసిరకం, అన్నీ చెప్పాడు. నువ్వెందుకు రావడం లేదని మాత్రం అడగలేదు. ఓబుళేశు రాగితీగ చుట్టుకుంటూ ఊఁ అంటూ ఉండిపోయాడు.

మరుసటి వారం టేబులు ఫ్యాను వచ్చింది. అదీ తిరిగింది. ఆ తర్వాత గ్రైండరు. అదీ తిరిగింది. ఒకరోజు ఇస్త్రీ పెట్టె ఎత్తుకొచ్చాడు.

"ఇస్త్రీ పెట్టెలో మోటారుండదన్నా."

"అందుకే కదప్పా తిరగడంల్యా!"

ఓబుళేశు పెదవుల దాకా వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది. కింద మెట్టు మీద ఒక చెప్పులో పాదం, ఒక చెప్పులో రబ్బరు కనపడ్డాయి.

రెండు వేల నాలుగు వానలు పోగానే కేశవయ్య బ్యాటు పట్టుకుని గ్రౌండుకు వచ్చాడు.

"ఆడతావా?" అన్నాడు బొజ్జన్న సారు.

"ఎందుకాడను సార్? బ్యాటు పట్టేది చేత్తో కదా."

వెనక వరసలో పరుగెత్తలేడు కాబట్టి ముందు వరసలో, ఓబుళేశు నిలబడే చోట నిలబెట్టారు. మొదటి వారంలో పదకొండుసార్లు పడ్డాడు. ప్రతిసారీ లేచి, దుమ్ము దులుపుకుని, సాకు చెప్పాడు. "లైనుకి సున్నం శానా ఏసినారు, జారతాంది." "వల ఒకపక్క దిగింది." "యాడో టమాట చట్నీ మాడతాంది, వాసనకి తల తిరిగె."

గ్రౌండు మొత్తం ఒకే మాట కోసం కాచుకుని ఉంది. కాలు అనే మాట. ఆ ఒక్క మాట అంటే ఊరు ఊరంతా తల వంచి ఒప్పుకునేది. కేశవయ్య అనలేదు. ఎండను అన్నాడు, ఉన్నిని అన్నాడు, గొర్రెల మంద లేపిన దుమ్మును అన్నాడు. బొజ్జన్న సారుకు ఓపిక చచ్చింది.

"కేశవా, నీ జన్మలో మొదటిసారి నిజమైన సాకు ఒకటి దొరికింది. వాడుకోరా నాయనా!"

"ఏ సాకు సార్?" అన్నాడు కేశవయ్య.

గుత్తినుంచి ఆడడానికి వచ్చిన మురళి అనే కుర్ర టీచరు మెచ్చుకోబోయాడు. "కాలు ల్యాకపోయినా భలే ఆడతాండావన్నా!"

"బంతి ఉన్ని వదిలిందప్పా. ల్యాకుంటే ఇంగా బాగా ఆడేటోణ్ని."

ఒక సాయంత్రం బంతికోసం పక్కకు వంగినప్పుడు పట్టీ తెగి జైపూరు కాలు ఊడిపోయింది. కేశవయ్య బోర్లా పడ్డాడు. పెదవి చీలి గడ్డమంతా నెత్తురు. కాలు చెప్పుతో సహా అవతల పడి ఉంది. ఆయన మోచేతుల మీద లేచి, నోట్లో దుమ్ము ఉమ్మి, నలుగురినీ చూసి, "బంతి కొత్తది. శానా ఎగురుతాంది" అన్నాడు.

ఆ సాకుకు ఎవరూ నవ్వలేదు. బొజ్జన్న సారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ సంగతి ఉరుకుందమ్మ కొళాయి దగ్గర విని వచ్చి మొగుడికి చెప్పింది. మరుసటి రోజు మధ్యాహ్నం, కేశవయ్య అంగట్లో ఉండే వేళ చూసుకుని, ఓబుళేశు రెండేళ్ళ తర్వాత ఆ ఇంటి గడప తొక్కాడు. సుందరలక్ష్మి పెరట్లో నూలు మేజోళ్ళు ఉతుకుతోంది. మోకాలి కింద మిగిలిన మోడుకు తొడిగేవి. తీగ మీద ఏడు ఆరుతున్నాయి. వాటిలో నాలుగింటి మీద నెత్తురు మరక పోలేదు.

"పెదవి ఎట్లుండాది వదినా?"

"పెదవిదేముందిలేప్పా, మానుతాది." ఆమె చేతిలోది పిండి తీగ మీద వేసింది. "కూచో. నిన్ను ఇంట్లో చూసి ఎన్ని దినాలాయె."

అతను కూర్చోలేదు. "అన్న గ్రౌండులో ఏమేమో చెప్తాడంట. కాలు మాట మాత్రం ఎత్తడంట."

"గ్రౌండులో ఎత్తడు. ఇంటికొస్తే అదొక్కటే మాట. వస్తూనే ఊడదీసి పక్కన పెట్టి, కాలు కాలు అని మూలుగుతాడు. ల్యాని పాదం మండుతాందంటాడు. బొటనవేలు దురద పెడతాందంటాడు, గోకేకి వేలు యాడుండాది? నేనే దుప్పటి మీద ఊరికే గోకుతా. ఇప్పుడు రోంత మేలు అంటాడు."

ఓబుళేశు తీగ మీది మేజోళ్ళనే చూస్తున్నాడు.

"ఆ మాట గ్రౌండులో అంటే ఏం పోతాదని నేనూ అడిగితి" అంది ఆమె. "అంటే ఊరంతా చెప్పుకుంటారు, తిరిగి తిరిగి ఓబుళేశు చెవిలో పడతాది, వాడు ఇప్పటికే సగం చచ్చి ఉండాడు అనె. నీకి చెప్పొద్దన్నాడప్పా. ఆయన మాదిరి నాకి సాకులు రావు, చెప్తాండా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా మిక్సీకి ఏ రోగమూ ల్యా. ఫ్యానుకీ ల్యా. ఇస్త్రీ పెట్టె నీ అంగట్లో ఉన్నన్నాళ్ళు నేను ముడతల చీర కట్టుకుని పెండ్లికి పోతి."

ఆ సాయంత్రం ఓబుళేశు అటక మీది బ్యాటు దించాడు. బూజు తుడిచాడు. గ్రౌండుకు నడిచి పోయాడు. గీత దగ్గర ఆగాడు. లోపలికి అడుగు పడలేదు.

కేశవయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. రెండేళ్ళు. అందరూ ఏమంటాడా అని చూస్తున్నారు.

"లేటాయె" అన్నాడు. "గాలి ఎదురొచ్చిందేమో. పోయి వెనక నిలబడుకో."

ఓబుళేశు వెనక వరసకు పోయాడు. ఆ రోజునుంచి ఇద్దరి పరుగు ఒక్కడే పరుగెత్తాడు. కేశవయ్య వదిలినవీ తీశాడు, వదలబోయేవీ తీశాడు. ఆట అయ్యాక మోటారు సైకిలు తోసుకుంటూ కేశవయ్య పక్కనే ఇంటిదాకా నడిచేవాడు. ఎక్కమని అనలేడు. ఎక్కుతానని కేశవయ్యా అనలేదు.

అట్లా నడుస్తూ ఒకరోజు ఓబుళేశు ఆగిపోయాడు.

"అన్నా, నన్ను ఒక్కసారి తిట్టు."

"ఏటికి?"

"అందరూ టమాటలంటారు. పోలీసోళ్ళూ టమాటలే రాసుకున్రి. వదినా టమాటలే అంటాది. నువ్వు నిదానంగా పో అంటివి. నేను ఇన్ల్యా. నాకి గుర్తుండాది. నీకీ గుర్తుండాది. ఒక్క మాట తిడితే నాకి తిన్నది అరుగుతాదన్నా."

కేశవయ్య ఆగలేదు. టక్కు టక్కుమని అడుగు పడుతూనే ఉంది. ఇల్లు వచ్చాక, "నీ బ్యాటు తీగలు సడలినాయి. బిగించుకో" అని లోపలికి పోయాడు.

మరుసటి జనవరిలో రాజంపేటలో టోర్నమెంటు. పత్తికొండ జట్టు పోయింది. బొజ్జన్న సారు కూడా మఫ్లరు చుట్టుకుని బస్సెక్కాడు. మొదటి రోజు రెండు మ్యాచులు గెలిచారు. ఒంటికాలి శెట్టి ఆట చూడాలని జనం మూగారు. వాళ్ళకు సాకులు కూడా ఉచితంగా దొరికాయి. ఈ ఊరి ఎండ తమ ఊరి ఎండ మాదిరి కాదని, పక్కనుంచి కొడుతుందని కేశవయ్య వివరించాడు.

రెండో రోజు పొద్దున సెమీఫైనలు. మూడో గేము. ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. ఇంకొక్క పాయింటు వచ్చినవాళ్ళది మ్యాచ్.

అవతలివాళ్ళు సర్వీసు వేశారు. నాలుగుసార్లు బంతి అటూ ఇటూ పోయింది. ఐదోసారి వాళ్ళ కుర్రాడు తడబడి మెత్తగా ఎత్తాడు. బంతి వలకు ఈపక్క, సరిగ్గా కేశవయ్య తల మీదికి, తీరిగ్గా దిగుతోంది. కేశవయ్య మంచి కాలు ఊతగా నిలబడి బ్యాటు ఎత్తాడు. ఇట్లాంటి బంతి కోసం మనిషి ఏళ్ళు ఎదురుచూస్తాడు.

వెనకనుంచి ఓబుళేశు దూసుకొచ్చాడు. కేశవయ్యకు అడ్డంగా ఎగిరి కొట్టాడు. బంతి వలలో పడింది.

మ్యాచ్ పోయింది. అవతలివాళ్ళు కేకలు వేశారు. పత్తికొండవాళ్ళంతా అలవాటుగా కేశవయ్య వైపు తిరిగారు, ఏ సాకు వస్తుందోనని.

కేశవయ్య ముఖం కందగడ్డయింది.

"అది నా బంతిరా!" అన్నాడు. గ్రౌండు అవతల సోడా బండి దాకా వినపడింది. "నేను నిలబడుకోని ఉండా! బ్యాటు ఎత్తుకోని ఉండా! ఎవడు రమ్మన్నాడు నిన్ను? నాకి పోయింది కాలురా, చేయి కాదు!"

ఓబుళేశు నోరు తెరిచాడు.

"మాట్లాడొద్దు! ఎండ ల్యా, గాలి ల్యా, దుమ్ము ల్యా! నీ తప్పు! నూటికి నూరుపాళ్ళు నీ తప్పు!"

బొజ్జన్న సారు మఫ్లరు జారి కింద పడింది. తీసుకోవడం మరిచిపోయాడు. పాతికేళ్ళలో కేశవయ్య ఒక మనిషిని తప్పు పట్టడం ఆయన చూడలేదు.

ఓబుళేశు నిలబడి విన్నాడు. ఒక్కొక్క మాటా మీద పడుతుంటే, రెండేళ్ళుగా వంగిన తల కొంచెం కొంచెంగా పైకి లేచింది.

"అవునన్నా" అన్నాడు. "నా తప్పే."

"నీదే!"

"నాదే అన్నా." కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. చూసినవాళ్ళు మతి పోయిందనుకున్నారు.

మధ్యాహ్నం బస్సెక్కారు. కేశవయ్య కడప దాకా తిట్టాడు. కడపలో టీ తాగి గొంతు తడుపుకుని మళ్ళీ తిట్టాడు. ఆ బంతి ఎంత ఎత్తునుంచి వచ్చింది, తను ఎక్కడ కొట్టాలనుకున్నాడు, కొడితే ఎవడి కాళ్ళ సందునుంచి పోయేది, అన్నీ చెప్పాడు. ముందు సీట్లో బొజ్జన్న సారు చెవులకు మఫ్లరు కట్టుకుని నిద్రపోయాడు. ఓబుళేశు ప్రతి తిట్టుకూ తల ఊపాడు.

తాడిపత్రి దాటాక తిట్లు తగ్గాయి. కేశవయ్య కాసేపు కిటికీ బయట ఎండిన శనగ చేలు చూశాడు. తర్వాత వంగి, పంచె పైకి తీసి, పట్టీ విప్పాడు. జైపూరు కాలు ఊడదీసి ఓబుళేశు ఒళ్ళో పెట్టాడు.

"కాలు నొస్తాందప్పా" అన్నాడు, కళ్ళు మూసుకుంటూ. "శానా నొస్తాంది. దినామూ నొస్తాంది."

ఓబుళేశు ఒళ్ళో ఉన్నదాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. బస్సు గతుకుల్లో ఊగుతోంది. తల వంచుకుని, తనకు తెలియకుండానే, ఆ పాదాన్ని మెల్లగా ఒత్తడం మొదలుపెట్టాడు. మడమ, అరికాలు, ఒక్కొక్క వేలూ.

కేశవయ్య ఒక కన్ను తెరిచి కాసేపు చూశాడు.

"రేయ్, అది రబ్బరు" అన్నాడు. మోకాలి కింద మిగిలిన మోడును ఎత్తి అతని తొడ మీద పెట్టాడు. "ఈడ ఒత్తు."